కడప ఎండకు నిలిచే జపాన్ తోట చెట్లు

జపాన్ పద్ధతి తోటలో పూలకు పెద్దపీట ఉండదు. రాయి, ఇసుక, నీరు, వీటి మధ్య ఏడాది పొడవునా ఆకు రాల్చని ముదురు పచ్చదనం మీదే తోట రూపమంతా ఆధారపడుతుంది. ఆ పచ్చదనం ఎక్కువగా కోనిఫర్ల నుంచే వస్తుంది. క్యోటో తోటమాలికి వీటిలో కొరత లేదు. కురోమాట్సు అనే నల్ల పైన్, అకామాట్సు అనే ఎర్ర పైన్, ఐదేసి సూదులు గుత్తిగా వచ్చే గోయోమాట్సు, హినోకి, సుగి, జునిపర్, మాకి అన్నీ అతనికి దొరుకుతాయి. ఈ జాబితాను ప్రొద్దుటూరుకో, జమ్మలమడుగుకో, పులివెందులకో తెచ్చినప్పుడు ముందుగా కొట్టేయాల్సినవి బాగా పేరున్నవే. పైన్లు మూడూ పోతాయి, హినోకి, సుగి పోతాయి. మిగిలేవి జునిపర్, మాకి. వీటికి మనకు తెలిసిన మరో రెండు మూడు చెట్లను తోడు చేసుకుంటే తోటకు సరిపోతుంది.

పైన్లు ఇక్కడ ఎందుకు బతకవన్నది ముందే తెలుసుకోవడం మంచిది. తెలియకపోతే ఎవరో ఆన్‌లైన్‌లో అమ్మే విత్తనాలకో, బెంగళూరు నుంచి తెచ్చిన కుండీ మొక్కకో డబ్బు పోసి, రెండో వేసవికల్లా ఎండుపుల్ల మిగుల్చుకోవాల్సి వస్తుంది. మే నెలలో ఈ మూడు ఊళ్లలో పగటి ఎండ 42, 43 డిగ్రీలకు చేరడం మామూలే. చెట్టును నిజంగా కుంగదీసేది పగటి ఎండ కంటే రాత్రి ఉక్క. పగలు ఆకు తయారుచేసుకున్న చక్కెరను రాత్రి శ్వాసక్రియ కొంత ఖర్చు చేస్తుంది. రాత్రి ఎంత వేడిగా ఉంటే ఆ ఖర్చు అంత పెరుగుతుంది. నెలల తరబడి రాత్రిళ్లు చల్లబడకపోతే చల్లని దేశపు చెట్టు ఖర్చే తప్ప రాబడి లేని స్థితికి వస్తుంది. పైగా జపాన్ పైన్లకు శీతకాలంలో ఎముకలు కొరికే చలి, దానితో పాటు కొన్ని వారాల విశ్రాంతి అవసరం. కడప జిల్లా జనవరి రాత్రి అలాంటి చలిని ఇవ్వదు.

పులివెందుల కాస్త ఎత్తు ప్రాంతమని కొందరు ఆశపడతారు. ప్రొద్దుటూరు కంటే అది ఎత్తున్న మాట నిజమే కానీ ఆ తేడా వంద మీటర్ల పైచిలుకే. కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. ఆ లెక్కన పులివెందులకు దక్కేది ఒక డిగ్రీ లోపే. మదనపల్లె దగ్గరి హార్సిలీ హిల్స్ పన్నెండు వందల మీటర్ల పైన ఉంది కాబట్టి అక్కడ వేరే మాట మాట్లాడుకోవచ్చు. సుగి చెట్లు దిట్టంగా పెరిగే డార్జిలింగ్, ఊటీ రెండూ రెండు వేల మీటర్ల పైన ఉన్న ఊళ్లు. మైదానంలో తోట వేసేవాళ్లు ఆ ఊళ్లలో దిగిన ఫొటోలు చూసి చెట్టు ఎంచుకోకూడదు.

ఎండ తర్వాత లెక్కలోకి తీసుకోవాల్సింది నేల. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టూ ఎక్కువగా నల్లరేగడి. వానకు ఉబ్బి గాలి దారులు మూసుకుపోతుంది, వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చి లేత వేళ్లను తెంపేస్తుంది. లోతుకు తవ్వితే సున్నపు గులకలు బయటపడతాయి. ఇలాంటి నేలకు క్షారగుణం ఎక్కువ, ఉదజని సూచిక ఎనిమిది దాటడం సాధారణం. అంత క్షారంలో ఇనుము నేలలో ఉన్నా వేరుకు అందదు. పులివెందుల వైపు ఎర్ర నేలలు, గరప నేలలు, రాళ్ల నేలలు ఎక్కువ. వాటిలో నీళ్లు త్వరగా ఇంకిపోతాయి, కోనిఫర్ వేళ్లకు అది మేలే. అయితే జిల్లాకు ఏడాదికి సగటున 700 మిల్లీమీటర్ల దాకా వాన పడితే, పులివెందుల వైపు అంతకన్నా తక్కువే పడుతుంది. కనుక అక్కడి భారమంతా బోరు మీదే.

బోరు నీళ్ల సంగతి పరీక్ష చేయించకుండా చెట్టు కొనడం దండగ. నీళ్లలో కరిగిన లవణాలను విద్యుత్ వాహకతగా కొలుస్తారు. అది మీటరుకు డెసీసైమన్‌లలో 0.7 లోపు ఉంటే నిశ్చింత. 0.7 నుంచి 3 దాకా ఉంటే జాగ్రత్తగా వాడుకోవాలి. 3 దాటిన నీళ్లు కోనిఫర్లకు పనికిరావు. కడప దగ్గర ఊటుకూరులో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల మట్టి, నీళ్ల పరీక్ష గురించి అడిగి తెలుసుకోవచ్చు. నీళ్లు ఉప్పగా తేలితే మేడ మీద పడే వాన నీటిని సంపులోకి పట్టి, కనీసం కుండీ మొక్కలకైనా దాన్నే వాడటం మేలు. ఇక క్షార నేలలో ఇనుము అందని గొడవ చీనీ తోటలున్న రైతులకు కొత్త కాదు. చీనీ లేతాకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలే జబ్బును వాళ్లు ఏటా చూస్తూనే ఉంటారు. కోనిఫర్‌కు వచ్చేదీ అదే లోపం. సూదాకుల్లో ఈనెలు కనబడవు కాబట్టి లేత కొనలన్నీ పాలిపోయినట్టు కనిపిస్తాయి, అంతే తేడా.

నల్లరేగడికి విరుగుడు జపాన్ తోట పద్ధతిలోనే దొరకడం విశేషం. ఆ తోటల్లో చదును నేల మీద మట్టి పోసి చిన్న గుట్టలు కట్టి వాటి మీద చెట్లు నాటడం పాత పద్ధతి. అక్కడ అందం కోసం చేసే పని ఇక్కడ చెట్టు ప్రాణం కోసం చేయాలి. రేగడిలో గుంత తవ్వి ఎర్రమట్టి నింపితే ఆ గుంత వానాకాలంలో నీళ్ల తొట్టి అవుతుంది. చుట్టూ ఉన్న బంకమట్టి నీటిని పోనివ్వదు, వేళ్లు కుళ్లుతాయి. గుంత జోలికి పోకుండా నేలను పైపైన గుల్ల చేసి, దాని మీద రెండున్నర నుంచి మూడు అడుగుల ఎత్తు గుట్ట పోయాలి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ముతక వంక ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు అర పాలు వేస్తే సరిపోతుంది. గుట్ట వాలు ఒక వైపు సాగినట్టు, మరో వైపు కాస్త నిటారుగా ఉంటే చూపుకూ బాగుంటుంది, నీళ్లూ ఒక దారి పట్టుకుని పోతాయి.

ఇక రాయి. ఈ ప్రాంతంలో రాయికి కరువు లేదు, జమ్మలమడుగు, యర్రగుంట్ల చుట్టుపక్కల నాపబండల క్వారీలే క్వారీలు. నడక దారికి, కూర్చునే అరుగుకు నాపబండను మించింది లేదు. కానీ అది సున్నపురాయి. దాని ముక్కలను చెట్టు మొదట్లో పరిస్తే నీళ్లు తగిలినప్పుడల్లా కొద్దికొద్దిగా సున్నం దిగి, అసలే క్షారంగా ఉన్న మట్టి మరింత చెడుతుంది. మొదట్లో పరచడానికి గ్రానైట్ చిప్స్ గానీ, క్వార్ట్‌జైట్ కంకర గానీ వాడాలి. గండికోట లోయ గోడల్లో కనిపించే ఎర్రటి రాయి క్వార్ట్‌జైట్ జాతిదే. అలాగని గండికోట నుంచో పెన్నా గర్భం నుంచో ఏరుకు రావడం తగదు, అనుమతి ఉన్న క్వారీ రాయే కొనాలి. మరో మాట, నల్లటి బండలు మధ్యాహ్నానికి కాలు పెట్టలేనంత వేడెక్కి, ఆ వేడిని సాయంత్రం పొద్దుపోయేదాకా పక్కకు చిమ్ముతాయి. చెట్టు మొదలుకూ బండల దారికీ మధ్య కనీసం మూడడుగుల ఎడం ఉండాలి.

ఇంత హంగూ అమర్చాక నమ్మకంగా నాటదగిన మొదటి చెట్టు మాకి. నర్సరీల్లో దీన్ని పోడోకార్పస్ అంటారు. అడిగేటప్పుడు పోడోకార్పస్ మాక్రోఫిల్లస్ అని పూర్తి పేరు చెప్పాలి, లేకపోతే కొమ్మలు వేలాడే ఆఫ్రికా రకాన్ని చేతిలో పెడతారు. అదీ చెడ్డది కాదు కానీ దాని తీరు వేరు. మాకి ఆకు సూదిలా కాక, వేలెడు పొడవున బద్దలా ముదురు పచ్చగా ఉంటుంది. జపాన్‌లో దీన్ని కంచెగానూ, గుమ్మం పక్కన ఒంటరి చెట్టుగానూ పెంచుతారు. చిబా రాష్ట్రపు అధికారిక వృక్షం ఇదే. కత్తిరింపుకు ఇది లొంగినట్టు ఏ పైనూ లొంగదు, ముదురు కొమ్మ కోసినా చిగురిస్తుంది. ఉక్కను తట్టుకుంటుంది, సగం నీడలోనూ పెరుగుతుంది. నెమ్మదిగా పెరగడాన్ని లోపమనుకునేవాళ్లు ఉంటారు, చిన్న పెరటికి మాత్రం అది వరమే. తూర్పు వైపు, మధ్యాహ్నం నుంచి ఇంటి నీడ పడే చోట నాటితే ఆకు కొనలు మాడవు. క్షార నేలలో ముదురాకులు కొన నుంచి పసుపెక్కితే అది మెగ్నీషియం లోపం. లీటరు నీటికి పది గ్రాముల చొప్పున మెగ్నీషియం సల్ఫేట్ కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తే తేరుకుంటుంది.

రెండోది జునిపర్, అందులోనూ చైనా జునిపర్. మాకి నీడ కోరితే ఇది ఎండ కోరుతుంది. సున్నపు నేలను, నీటి ఎద్దడిని ఓర్చుకుంటుంది, వేళ్ల దగ్గర నీరు నిలిస్తే మాత్రం బతకదు. ఒకే చెట్టుపై గుచ్చుకునే సూదాకులు, తాడు పేనినట్టుండే పొలుసాకులు రెండూ కనిపిస్తాయి. నేల మీద పాకే రకాలు గుట్ట వాలును కప్పడానికి బాగుంటాయి. నిటారు రకాలను వంచి మెలితిప్పిన రూపం తేవచ్చు. దీనితో ఒక్కటే పేచీ: ఆకు లేని గోధుమ రంగు కొమ్మ దాకా కోస్తే ఆ కొమ్మ మళ్లీ చిగురించదు. కత్తెర ఎప్పుడూ పచ్చటి భాగంలోనే ఆగాలి. ఏప్రిల్, మే నెలల్లో నల్లి పడుతుంది. చెట్టు దుమ్ము పట్టి బూడిద రంగుకు తిరిగితే ఒక కొమ్మను తెల్లకాగితం మీద తట్టి చూడాలి. చుక్కల్లాంటివి కదిలితే అవే నల్లులు. తెల్లవారుజామున గొట్టంతో ఆకుల అడుగు తడిసేలా నీళ్లు కొట్టడమే తొలి మందు. గంధకం పొడి నల్లికి పనిచేసినా, మండు వేసవిలో ఆకును కాల్చేస్తుంది కనుక అప్పుడు దాని జోలికి వెళ్లకూడదు.

థూజా ఈ మూడు ఊళ్లకూ తెలిసిన మొక్కే. కాలేజీల ముందు, ఆఫీసుల ముందు గుండ్రంగానో, గోపురంలానో కత్తిరించి వరుసగా పెట్టేది ఇదే. క్షారాన్నీ ఎండనూ బాగా ఓర్చుకుంటుంది, చవక. చిక్కల్లా దాని సౌష్ఠవంతోనే. రెండు వైపులా కొలిచినట్టుండే రూపం జపాన్ తోటకు పొసగదు. ప్రహరీ గోడను మరుగుపరిచే వెనక తెరగా నాటితే పనికొస్తుంది, ముందుకు తెస్తే తోట కాస్తా ఆఫీసు ఆవరణలా కనిపిస్తుంది. క్రిస్మస్ చెట్టు పేరుతో అమ్మే అరాకేరియాకు కూడా ఇదే అభ్యంతరం. పైగా అది అంతస్తులంతస్తులుగా మేడను మించి పెరుగుతుంది, వేడిగాలికి కొనలు ఎండుతాయి. నిమ్మవాసన వచ్చే పసుపు పచ్చ గోల్డ్‌క్రెస్ట్ మొక్క డిసెంబరులో ఎంత ముద్దొచ్చినా కొనకపోవడమే మంచిది. అది చల్లని సముద్ర తీరపు సైప్రస్ జాతిది, ఇక్కడి ఏప్రిల్ దాటదు.

పైన్ రూపమే కావాలి, పైన్ బతకదు. ఈ ముడి విప్పేది సరుగుడు. వృక్షశాస్త్రం ప్రకారం అది కోనిఫర్ కాదు, పూలు పూసే జాతిది. సూదుల్లా కనిపించేవి నిజానికి కణుపులున్న సన్నని పచ్చటి రెమ్మలు. శంకువుల్లా ఉండేవి కట్టెబారిన కాయలు. శాస్త్రం పట్టింపున్నవాళ్లు దీన్ని జాబితాలోంచి తీసేస్తారు. తోటలో కంటికి కావలసింది రూపం, గాలికి వచ్చే ఆ సన్నని హోరు. అవి రెండూ సరుగుడు ఇస్తుంది. ఇండొనేషియాలో బోన్సాయ్ పెంచేవాళ్లు దీన్ని పైన్ లాగే తీర్చిదిద్దుతారు. వేళ్లలోని సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది కాబట్టి ఎరువు పెద్దగా అడగదు. ఉప్పు నీటిని మిగతా వాటికన్నా బాగా ఓర్చుకుంటుంది. అయితే దీన్ని నాటాల్సింది గుట్ట మీద ఇసుక కలిసిన మట్టిలోనే, నల్లరేగడిలో కాదు. వదిలేస్తే ఏడాదికి నిలువెత్తు పెరిగిపోతుంది. వానాకాలమంతా మూడు నాలుగు వారాలకోసారి కత్తెర పట్టే ఓపిక లేనివాళ్లు దీన్ని నాటకూడదు. రాలిన రెమ్మలు కంకర మీద పరచుకుంటాయి, వాటిని ఊడవడం రోజూ పని. మొదటి రెండేళ్లు చెదల భయం ఉంటుంది కనుక మొదట్లో వేపపిండి కలపాలి.

కోనిఫర్ కాకపోయినా జపాన్ తోటలో పాత హక్కున్న మరో నిత్యహరిత మొక్క సైకస్. క్యోటోలోని కత్సురా రాజవిహారంలో సైకస్‌లతోనే ఒక చిన్న గుట్ట ఉంది. క్యోటోలో చలికాలం వస్తే ఈ మొక్కలకు గడ్డి చుట్టి కాపాడతారు. కడప జిల్లాలో ఆ ఖర్చు లేదు, ఎండే దానికి ఇష్టం. ఏడాదికోసారి నడినెత్తిన కొత్త ఆకులన్నీ ఒక్కసారిగా చక్రంలా లేస్తాయి. ఆ లేత ఆకులు గట్టిపడేలోపు ఒక చిన్న సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది, పురుగులు రెండు మూడు రోజుల్లో చిగురునంతా కొరికి పుల్లలు మిగులుస్తాయి. ఆ ఏటికి ఇక ఆకు రాదు. చిగురు లేచిన వారం పొద్దున్నే వెళ్లి చూడటం, గుడ్లు కనబడితే తుడిచేయడం, వీలైతే పల్చటి గుడ్డతో కప్పి ఉంచడం తప్ప వేరే దారి లేదు. శేషాచలం కొండల్లో మరెక్కడా పెరగని సైకస్ బెడ్డోమీ అనే జాతి ఉంది. అది అంతరించే ప్రమాదంలో ఉన్న మొక్క, దాని వ్యాపారంపై అంతర్జాతీయంగా కట్టడి ఉంది. నర్సరీలో పెంచిన సైకస్ రివల్యూటాయే కొనాలి. సైకస్ గింజ విషం. కుక్కలు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో కాయ కట్టిన వెంటనే తీసేయాలి.

కొనే దగ్గర ఒక మెలకువ కావాలి. కోనిఫర్ చచ్చినా కొన్ని వారాలు పచ్చగానే కనిపిస్తుంది. మామిడి మొక్కలా వాడిపోయి చెప్పదు. అందుకే ఆకు రంగును నమ్మకుండా సన్నకొమ్మ మీద గోటితో గీకి చూడాలి, బెరడు కింద తడిగా పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. లోపలి కొమ్మలు వేలితో తాకగానే రాలిపడుతున్నా, మొదలు పట్టుకుని కదిపితే వదులుగా ఊగుతున్నా అది వద్దు. జిల్లాలో అమ్మే మొక్కల్లో చాలా వరకు గోదావరి జిల్లాల కడియం నర్సరీల నుంచి లారీల్లో వస్తాయి. వాటి వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. ప్రయాణంలో ఆ ముద్ద ఎండి ఇటుకలా గట్టిపడితే, నాటాక ఎన్ని నీళ్లు పోసినా పక్కల నుంచి జారిపోతాయే గానీ లోపలికి దిగవు. చెట్టు తడి మట్టిలో ఉండి దాహంతో చస్తుంది. సంచీ విప్పే ముందు ముద్దను బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచి, పై పొరలో మూడో వంతు మట్టిని వేళ్లతో మెల్లగా రాల్చి, చుట్టలు తిరిగిన వేళ్లను విడదీసి నాటాలి. ముద్దనంతా కడిగేయడం కూడా తప్పే.

నాటడానికి అదను సెప్టెంబరు రెండో సగం నుంచి నవంబరు దాకా. అప్పటికి ఎండ తగ్గుతుంది, ఈశాన్య రుతుపవనాల జల్లులు అందుతాయి, వేసవి వచ్చేలోపు వేరు పట్టడానికి నాలుగైదు నెలల గడువు దొరుకుతుంది. ఫిబ్రవరి తర్వాత నాటే మొక్కకు ఆ గడువు ఉండదు. మొదలు మెడ మట్టిలో పూడకుండా చూడాలి. రోజూ చెంబెడు పోసే కంటే వారానికి రెండుసార్లు పాదు నిండా లోతుకు దిగేలా పోయడం మేలు, పై తడి వేళ్లను పైకే రప్పిస్తుంది. వేరుశనగ పొట్టు చవకగా దొరికే సీమ ఇది. దాన్ని మూడంగుళాల మందాన పరిచి, మొదలుకు జానెడు ఎడం వదిలితే నేల చల్లగా ఉంటుంది. పొట్టుకు చెద పడుతుంది కనుక దీనిలోనూ వేపపిండి చల్లాలి. మొదటి రెండు వేసవుల్లో మార్చి నుంచి జూన్ దాకా సగం నీడ ఇచ్చే షేడ్‌నెట్ పడమటి వైపు కట్టి తీరాలి.

ఇనుము లోపానికి నేలలో అన్నభేది వేయడం వృథా, క్షార నేల దాన్ని వెంటనే కట్టేస్తుంది. లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయాలి. నేలలోనే వేయదలిస్తే ఈడీడీహెచ్ఏ రకం ఇనుము కొనాలి. చవకగా దొరికే ఈడీటీఏ రకం ఇంత క్షారంలో నిలవదు.

చెట్లు ఎన్ని నాటాలన్నది చివరిగా తేల్చుకోవాలి, ఇక్కడ పొదుపే నయం. క్యోటోలోని ర్యోఆంజి తోటలో తెల్ల కంకర మధ్య ఉన్నవి పదిహేను రాళ్లు, వాటి మొదట్లో కాస్త పాచి. చెట్లన్నీ గోడ అవతలే. నీటి కరువున్న చోటికి ఆ ఎండు తోట పద్ధతి బాగా నప్పుతుంది. ప్రొద్దుటూరులో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. అక్కడి చిన్న నడవకు ఒక మాకి, పాకే జునిపర్ ఒకటి, మూడు రాళ్లు చాలు. మేడ మీద పెట్టేట్టయితే నల్ల ప్లాస్టిక్ కుండీ వేళ్లను ఉడికిస్తుంది. మందపాటి మట్టి కుండీ గానీ, పెద్ద సిమెంటు తొట్టిలో దించిన చిన్న కుండీ గానీ వాడాలి. జమ్మలమడుగు ఊరి చివర స్థలమున్నవాళ్లకు ఎర్రమల కొండల వరుస కనిపిస్తుంది. దూరపు కొండను తోటలో భాగంగా చూపించడం జపాన్ తోటమాలులు ఎరిగిన ఉపాయమే. ఆ దిక్కున థూజా తెర కట్టకుండా ఖాళీ వదిలి, పక్కగా ఒక సరుగుడును వంకరగా పెంచితే చూపు కొండ మీదికి పోతుంది. బయలు గాలి ఎక్కువ కాబట్టి ఆ సరుగుడుకు మొదటి రెండేళ్లు ఊతకర్ర కావాలి. పులివెందుల చీనీ తోటల్లోని ఇళ్లకు స్థలానికి కొదవ లేదు, కొదవంతా నీటికే. అక్కడ చెట్లను తోటంతా చల్లకుండా, మూడు చెట్లను ఒకే గుట్ట మీద మూడు ఎత్తుల్లో నాటితే ఒకే డ్రిప్పు లైను సరిపోతుంది. ఆ లైనును చీనీ చెట్ల లైనుతో కలపకూడదు. చీనీకి ఎరువు కలిపి వదిలే నీళ్లు జునిపర్‌కు ఎక్కువవుతాయి, రెండింటి తడుల వేళలూ కలవవు.

రూపం దిద్దే పని మూడో ఏడు మొదలుపెట్టాలి, అంతకుముందు కోసిన ప్రతి రెమ్మా వేరు ఎదుగుదలను వెనక్కి లాగుతుంది. మాకిని నవంబరులో ఒకసారి, జులైలో ఒకసారి కత్తిరించి కొమ్మలను విడివిడి మబ్బు తునకల్లా తీర్చవచ్చు. జునిపర్ కొమ్మకు తీగ చుట్టి వంచేది శీతకాలంలోనే, తీగ బెరడులోకి దిగకముందే విప్పేయాలి. మార్చి దాటాక వానలు పడేదాకా ఏ చెట్టునూ గట్టిగా కోయకూడదు, పైకప్పు పోయిన లోపలి కొమ్మలను ఎండ నేరుగా కాల్చేస్తుంది.